కట్టేసిన పడవ మునగకుండా: పంపా, పట్టా, మనిషా, ఒడ్డుకు లాగేయడమా?

"సార్, మీ పడవ కనపడ్తా లేదు. కట్టె ఒక్కటే కనపడ్తాంది."

జులై నెలాఖరు, ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. శ్రీశైలం వెనక జలాల్లో పుట్టి మీద వలలు వేసుకునే పెద్దాయన ఫోను. కట్టె అంటే మాస్ట్, తెరచాప ఎక్కించే స్తంభం. కర్నూలు నుంచి గంటన్నర దారి. నేను చేరేసరికి ఎండ ఎక్కింది. నిజంగానే నీళ్ల మీద మిగిలింది ఆ కట్టె ఒక్కటే. దాని కొసన ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

ట్రాక్టరు పెట్టి, ఎనిమిది మంది చెయ్యి వేసి, రెండు రోజులకు బయటికి లాగాం. అడుగంతా తడిమి చూశాం. ఎక్కడా చిల్లు లేదు. పంపు కొత్తది, బ్యాటరీ అంతకు నెల ముందే మార్చాను. మరి ఎట్లా మునిగింది? ముక్కుకు కట్టిన తాడును చూస్తే అర్థమైంది. వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడు ఒడ్డున గుంజ పాతి, పొట్టిగా కట్టి వచ్చాను. ఎగువ నుంచి వరద వచ్చి నీళ్లు లేచాయి. గుంజ లేవదు కదా. పడవ ముక్కును తాడు కిందికి పట్టి ఉంచింది, అలలు అంచు దాటి లోపలికి దూకాయి. ముడి ఎంత బిగుసుకుపోయిందంటే, విప్పలేక కొడవలితో కోశాం.

పంపు మీద వేలు పోశాను. ముంచింది నాలుగు గజాల తాడు.

ఆ కథ తెలిసినవాళ్లు ఎవరు పడవ కొన్నా నన్నే అడుగుతారు: పంపు పెట్టించాలా, పట్ట కప్పితే చాలా, ఎవరినైనా కాపలా పెట్టుకోవాలా, లేక ప్రతిసారీ ఒడ్డుకు లాగేయాలా అని. అందరికీ ఒకే జవాబు లేదు. మీ పడవ, మీ ఒడ్డు, మీకున్న తీరిక, ఈ మూడింటిని బట్టి జవాబు మారుతుంది. అనుమతులు, రిజిస్ట్రేషన్ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు, అది వేరే పురాణం.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

నడుస్తూ మునిగే పడవలకన్నా కట్టేసిన చోట మునిగేవే ఎక్కువ. విదేశాల్లో పడవలకు బీమా చేసేవాళ్లు ఏళ్లుగా చెబుతున్న మాట ఇది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నడుస్తున్నప్పుడు అందులో మనిషి ఉంటాడు, కాలికి తడి తగలగానే చూస్తాడు. కట్టేశాక చూసేవాడు లేడు.

నీళ్లు ఎటు నుంచి వస్తాయి? దారులు మూడే. పై నుంచి వాన, కింది నుంచి చిల్లు లేదా ఊట, పక్క నుంచి అంచు దాటి.

వాన లేని సీమలో వానకు పడవ మునుగుతుందా అని నవ్వకండి. అనంతపురం ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ మన వాన రోజుకింత అని పంచుకుని పడదు. నెలల తరబడి ఎగ్గొట్టి, ఒక్క రాత్రిలో బాకీ తీరుస్తుంది. లెక్క వేసుకుందాం. ఇరవై అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు పడవ అంటే దాదాపు 12 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వానకు 12 లీటర్లు. 50 మిల్లీమీటర్లు కురిస్తే 600 లీటర్లు, అంటే 600 కిలోలు. తొమ్మిది పది మంది పెద్దవాళ్లు ఎక్కి కూర్చున్నట్టు. కాకపోతే మనుషులు కూర్చున్న చోట కూర్చుంటారు, నీళ్లు అట్లా కాదు. పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తి ఆ పక్కనే ఇంకా ముంచుతాయి.

కింది నుంచి వచ్చే నీళ్ల లెక్క ఇంకా భయం పుట్టిస్తుంది. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం వెడల్పు చిల్లు పడితే నిమిషానికి నలభై లీటర్లకు పైనే లోపలికి వస్తాయి. రెండు మూడు బిందెలు. అంగుళం బదులు రెండు అంగుళాల గొట్టం ఊడిపోతే నాలుగింతలు.

ఇక పక్క నుంచి వచ్చేవి. నా పడవను ముంచింది ఆ దారే. తాడు పొట్టిదైనా, పడవ వెనకభాగం బరువెక్కినా, ఈదురుగాలి పడవను రాళ్ల కిందికి నెట్టినా అంచు కిందికి పోతుంది. ఒక్కసారి అంచు మునిగిందా, ఏ పంపూ ఆపలేదు.

మీరు ఎన్నాళ్లకోసారి చూస్తారు? అబద్ధం చెప్పుకోకుండా రాసుకోండి. "వారానికోసారి పోతాం" అని అందరూ అంటారు. దసరా నుంచి సంక్రాంతి దాకా ఎన్నిసార్లు పోయారో ఫోనులో ఫోటోలు చూస్తే తెలిసిపోతుంది.

అక్కడ నీటిమట్టం ఎంత మారుతుంది? 854, 885. సీమలో పేపరు చదివే ప్రతివాడికీ తెలిసిన అంకెలు ఇవి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సీమ కాలువలకు నీళ్లు వదలడానికి కనీసం ఉండాలనే మట్టం 854. ఆ రెంటి మధ్య తేడా 31 అడుగులు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. వేసవిలో 854 కన్నా ఇంకా కిందికి పోతుంది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.6 టీఎంసీలు. వరద రోజుల్లో మూడు నాలుగు లక్షలు వస్తాయి. రిజర్వాయరు సగం ఖాళీగా ఉన్నప్పుడు అంత వస్తే ఒక్క రోజులోనే నీళ్లు కొన్ని అడుగులు లేస్తాయి. సముద్రంలో పోటూపాటులకు పంచాంగం ఉంది. మనకు ఉన్నది ఎగువ డ్యాంల గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కింద ఉన్నవాళ్లెవరూ ముందుగా తాడు వదులు చేసుకోలేదు.

## ఎంపిక కాదు, ముందు చేయాల్సిన పని

ఏది ఎంచుకున్నా సరే, పడవ దిగే ముందు అడుగున ఉన్న వాల్వులన్నీ మూసేయండి. నీళ్లు తీసుకోవడానికో వదలడానికో అడుగున చిల్లు పెట్టిన ప్రతిచోటా, తిప్పితే మూసుకునే బాల్ వాల్వు ఉండాలి, గొట్టానికి రెండేసి స్టీలు క్లిప్పులు ఉండాలి. సముద్రంలో క్లిప్పులను ఉప్పు తింటుంది. మన దగ్గర రబ్బరును ఎండ తింటుంది. మే నెలలో మూసిన పడవ లోపల వేడి ఎంతుంటుందో, ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. గొట్టాన్ని వేళ్లతో నొక్కి వంచి చూడండి, పగుళ్లు కనపడితే మార్చేయండి. ప్రతి వాల్వు పక్కన ఆ చిల్లుకు సరిపోయే చెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచండి. ఏటా నెలల తరబడి నీళ్లలో మునిగి కూడా క్షేమంగా ఉన్న కట్టె నాకు తెలిసి సంగమేశ్వరంలో వేపదారు శివలింగం ఒక్కటే. మన బిరడాకు అంత మహిమ లేదు కాబట్టి రెండేళ్లకోసారి కొత్తది చెక్కించండి.

తెరచాప పడవ అయితే ఇంకో చోటు చూడాలి. అడుగున పైకీ కిందికీ జరిగే పలక ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని తిరిగే బోల్టు. ఆ బోల్టు రబ్బరు వాషరు అరిగితే చుక్కచుక్కగా ఊట మొదలవుతుంది. చుక్కే కదా అని వదిలేస్తే నెల తిరిగేసరికి బక్కెట్ల లెక్క అవుతుంది.

## ఐదు దారులు, ఒక్క చూపులో

| దారి | వాన | కింది ఊట | నీటిమట్టం, తాడు | ఎన్నాళ్లు వదిలి ఉండొచ్చు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ఆటోమేటిక్ పంపు, బ్యాటరీ, సోలార్ | బాగా ఆపుతుంది | చిన్న ఊటైతే సరే, పెద్ద చిల్లైతే కొన్ని గంటలే | ఏమీ చేయలేదు | వారం పది రోజులు | ఒకసారి ఎక్కువ, తర్వాత కొద్దిగా |
| పట్ట | చాలా బాగా | ఏమీ చేయలేదు | గాలికి ఇంకా లాగుతుంది | గాలి లేకపోతే రెండు వారాలు | తక్కువ, ఏటా మార్చాలి |
| గాలి క్యాన్లు, ఫోమ్ | ఆపదు | ఆపదు | ఆపదు | మునిగినా కనపడేలా ఉంచుతుంది | చాలా తక్కువ |
| కాపలా మనిషి | తోడేస్తాడు | చూస్తే చెబుతాడు | తాడు మార్చేది ఈయనే | ఆయన ఊళ్లో ఉన్నన్నాళ్లు | నెలనెలా |
| ఒడ్డుకు లాగడం | అడుగున నీళ్లు పోయే చిల్లు బిరడా తీస్తే సమస్యే లేదు | లేదు | మట్టం గీతకు పైన ఉంటే లేదు | నెలలు | ట్రైలర్, ప్రతిసారీ శ్రమ |

పట్టికలో నాలుగో వరుస తప్ప, నీళ్లలో ఉన్న పడవకు తాడు సమస్య తీర్చే దారే లేదు. పంపూ, పట్టా, క్యానూ ఏదీ ఆ పని చేయదు. తాడు సంగతి కింద విడిగా చెబుతాను.

## పంపు

అందరి చూపూ ముందు దీని మీదే పడుతుంది, నాదీ పడింది. మంచి వస్తువే. కానీ ఇది పడవ మునగకుండా ఆపుతుందనుకోవద్దు. మీరు వచ్చేదాకా కొంత సమయం కొనిపెడుతుంది, అంతే.

పంపు మీద 1100 అని రాసి ఉంటుంది, గంటకు అన్ని గ్యాలన్లు అని. అది పైపు లేకుండా, నిండు వోల్టేజితో, కంపెనీ బల్ల మీద తోడిన లెక్క. పడవలో నీళ్లు మూడు నాలుగు అడుగులు పైకెక్కాలి, పైపు వంకర్లు తిరగాలి, బ్యాటరీ కొంచెం దిగి ఉంటుంది. నిజంగా వచ్చేది నిమిషానికి నలభై లీటర్లు, కొంచెం అటూఇటూగా. అంగుళం చిల్లుకు అది సరిపోయీ సరిపోనట్టు. పైగా ఆ పంపు దాదాపు నాలుగు ఆంపియర్లు తాగుతుంది. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడుకోవచ్చు అనుకున్నా పన్నెండు గంటలు. శనివారం సాయంత్రం గొట్టం ఊడితే ఆదివారం పొద్దునకల్లా కథ ముగుస్తుంది.

అదే నిమిషానికి ఒక లీటరు ఊట అనుకోండి. రోజుకు 1,440 లీటర్లు. పంపు మొత్తమ్మీద అరగంట పైచిలుకు తిరిగితే చాలు. ఖర్చయ్యే కరెంటు రెండు మూడు ఆంపియర్ అవర్లు. దానికి యాభై వాట్ల సోలార్ ప్యానెల్ ధారాళంగా సరిపోతుంది, మబ్బు పట్టిన రోజుల్లో కూడా. కాబట్టి పంపు, సోలార్ జంట చిన్న ఊటకూ వానకూ మొగుడు. పెద్ద చిల్లు ముందు మాత్రం చేతులెత్తేస్తుంది.

బిగించేటప్పుడు ఎక్కువ మంది చేసే తప్పులు:

- పంపు వైరు మెయిన్ స్విచ్ తర్వాత కలుపుతారు. దిగేటప్పుడు అలవాటుగా మెయిన్ ఆపేస్తారు, పంపూ ఆగిపోతుంది. వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, మధ్యలో ఫ్యూజు ఉండాలి.
- నీళ్లు బయటికి పోసే పైపు మూతి నీటిమట్టానికి దగ్గరగా పెడతారు. పడవ కాస్త వెనక్కి వాలితే మూతి మునిగి, పెట్రోలు ట్యాంకులో పైపు పెట్టి నోటితో లాగినట్టు, నదిలోని నీళ్లే లోపలికి రావడం మొదలవుతుంది. పైపును ఎత్తుగా వంపు తిప్పి తేవాలి, వంపు మీద గాలి తీసుకునే చిన్న వాల్వు పెట్టాలి.
- ఫ్లోట్ స్విచ్ చుట్టూ చెత్త వదిలేస్తారు. ఇంటి మీద వాటర్ ట్యాంకులో ఫ్లోట్ ఇరుక్కుంటే ట్యాంకు పొంగుతుంది. ఇక్కడ ఇరుక్కుంటే పడవ మునుగుతుంది. మాకు ఒకసారి ఇరుక్కున్నది బిస్కెట్ ప్యాకెట్ కాగితం.

పోయినప్పుడల్లా రెండు బక్కెట్ల నీళ్లు లోపల పోసి చూడండి. పంపు దానంతటదే మొదలవ్వాలి, దానంతటదే ఆగాలి. మీటను చేత్తో లేపి "పనిచేస్తోంది" అనుకోవడం పరీక్ష కాదు.

## పట్ట

వానే మీ అసలు శత్రువైతే, పైకప్పు లేని పడవైతే, పంపు కన్నా పట్టే మేలు. లోపల పడ్డ నీళ్లు తోడటం కన్నా అసలు పడకుండా చూడటం సులువు.

గుట్టంతా వాలులో ఉంది. తెరచాప పడవకు సౌకర్యం ఏమిటంటే, తెరచాప కింద అడ్డంగా ఉండే బూమ్ కర్ర మీదుగా వేస్తే గుడారంలా రెండు పక్కలకూ వాలుతుంది. మామూలు మోటారు పడవకు మధ్యలో వెదురు కట్టి ఎత్తు చేయాలి. చదునుగా పరిస్తే మధ్యలో గుంట పడుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంట రెండు వందల లీటర్లు పట్టిందంటే రెండు వందల కిలోలు నెత్తి మీద పెట్టుకున్నట్టే. పట్ట చిరిగిన రోజు ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి.

బజారులో దొరికే నీలం పట్ట కర్నూలు ఎండకు ఒక్క వేసవి ఓర్చుకుంటుంది. తర్వాత చేత్తో పట్టుకుంటే పొడి రాలుతుంది. లారీలకు కప్పే మందపు తాటిపత్రి కొనండి, బరువైనా మన్నుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలికి పట్ట ఇంకో తెరచాపలా పనిచేస్తుందని మరిచిపోకండి. పడవను లాగి తాడు తెంపేస్తుంది. అంచులు పడవ కిందుగా తిప్పి కట్టాలి, ముందూ వెనకా గాలి ఆడేలా జానెడు సందు వదలాలి.

## క్యాన్లు, ఫోమ్

ఇది మునకను ఆపదు. మునిగినా పూర్తిగా అడుక్కి పోకుండా, అంచుల దాకా నీళ్లతో అయినా పైనే ఉండేట్టు చేస్తుంది. అడుక్కి పోయిన పడవను బయటికి తీయడానికీ, కళ్లముందు తేలుతున్న పడవను లాగడానికీ ఎంత తేడా ఉంటుందో నన్ను అడగండి.

ఫైబరు నీళ్లకన్నా ఒకటిన్నర రెట్లే బరువు. అంటే 500 కిలోల ఫైబరు పడవ నీళ్లలో మునిగాక దాని బరువు 170 కిలోల దాకానే. ఇంజిను, బ్యాటరీ, సామాను కలుపుకున్నా మూడు వందల లీటర్ల గాలి దాన్ని పట్టి ఉంచుతుంది. ఇరవై లీటర్ల క్యాన్లు పదిహేను. మరమూత ఉన్నవే తీసుకోండి, ఇంట్లో తాగునీళ్లు తెచ్చే క్యాను మూత నొక్కితే ఊడిపోతుంది. వాటిని సీట్ల కింద పట్టీలతో బిగించి కట్టాలి. వదులుగా ఉంటే పడవను అక్కడే వదిలేసి అవి మాత్రం పైకి తేలతాయి. థర్మోకోల్ చవకే కానీ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. ఇంజిను ఉన్న పడవలో దాన్ని వాడొద్దు.

కింద ఇనుమో సీసమో బరువు పోసిన పెద్ద తెరచాప పడవకు ఈ లెక్క వర్తించదు. అంత బరువును లేపాలంటే లోపల మనుషులు కూర్చునే చోటు మిగలదు.

## మనిషి

కొత్తగా పడవ కొన్నవాళ్లు దీన్ని ఆఖరున ఆలోచిస్తారు. నేను ముందు పెడతాను.

ఒడ్డున రోజూ వలకు పోయేవాళ్లకు నీళ్ల సంగతి మనకన్నా ముందే తెలుస్తుంది. నీళ్లు రంగు మారితే ఎగువన వరద అని వాళ్లు చెప్పగలరు. పెద్దాయనతో నా ఒప్పందం నెలకింత అని. ఆయన చేయాల్సిన పనులు కూడా గోడ మీద సున్నంతో రాసినంత స్పష్టంగా మాట్లాడుకున్నాం. రోజూ ఒకసారి చూడాలి. నీళ్లు మూరెడు లేచినా దిగినా తాడు సర్దాలి. లోపల నీళ్లు చీలమండ దాటితే ఫోను చేయాలి. ఊరికి పోతే వేరే ఎవరికైనా చెప్పి పోవాలి.

ఇంకో చిన్న పని చేశాం, దానికైన ఖర్చు ఒక చిన్న పెయింటు డబ్బా. పడవ ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడికి వస్తాయో చూసి, దానికి రెండు వేళ్లు పైన చుట్టూ ఎర్ర గీత గీశాం. ముందూ వెనకా ఆ గీత కనపడేట్టు ఆయన మనవడు ఆదివారం ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. గీతకూ నీళ్లకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే నేను టీ తాగుతాను. సందు లేకపోతే బండి తీస్తాను. ఒకసారి వెనక గీత మాత్రమే మునిగి కనపడింది. పోయి చూస్తే కూర్చునే చోట నీళ్లు పోయే చిల్లుల్లో తుమ్మాకులు ఇరుక్కుని ఉన్నాయి. వాన నీళ్లు బయటికి పోక వెనక బరువెక్కింది. ఆ చిల్లులు నీళ్ల కిందికి పోయి, బయటికి పంపాల్సినవి లోపలికి తెస్తున్నాయి. ఇంకో రెండు రోజులైతే నీటికాకి మళ్లీ కట్టె ఎక్కేది.

దీని లోపం తెలిసిందే. మనిషికి జ్వరం వస్తుంది, పెళ్లిళ్లుంటాయి, కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకే మనిషి ఉన్నా పంపు ఉండాలి.

## ఒడ్డు

పుట్టి వేసేవాళ్లు మునకకు ఎందుకు భయపడరో తెలుసా? రాత్రికి వాళ్ల పుట్టి నీళ్లలో ఉండదు. సాయంత్రం భుజానికెత్తి ఒడ్డున బోర్లించి ఇంటికి పోతారు. నీళ్లలో లేని పడవ మునగదు, ఇంతకు మించిన ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు.

పదిహేను అడుగుల లోపు, మూడు వందల కిలోల లోపు పడవైతే ఇంకేమీ ఆలోచించొద్దు, ట్రైలర్ కొనండి. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో పోటీలకు వాడే చిన్న తెరచాప పడవలను కూడా పని అయ్యాక ఒడ్డుకే లాగి పెడతారు. ఇరవై అడుగులు దాటితే ప్రతివారం లాగడం అయ్యే పని కాదు, కానీ ఏడాదిలో కొన్ని నెలలు లాగి పెట్టడం తేలికే. వెనక జలాల్లో నీళ్లు దిగాక ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది, బురద తేలుతుంది, ట్రాక్టరు తప్పదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే, ఒడ్డు రోడ్డుకు దగ్గరగా ఉన్నప్పుడే బయటికి తీసేస్తే ఖర్చు సగం.

మూడు జాగ్రత్తలు. పూర్తి మట్టం గీతకు పైనే పెట్టండి. "నీళ్లు ఇక్కడిదాకా రావులే" అన్న చోటికే నీళ్లు వస్తాయి. 2009 అక్టోబరు 2న కర్నూలు ఊళ్లోకే వచ్చాయి. పైన పెట్టినా సరే, ఒక పొడుగాటి తాడు చెట్టుకు కట్టి ఉంచండి. ఇక అడుగు బిరడా తీసి ఉంచండి, లోపల పడ్డ వాన కిందికి పోతుంది.

## తాడు గురించి విడిగా

గుంజకు పొట్టిగా కట్టడం అందరూ చేసేదే, అన్నిటికన్నా చెడ్డదీ అదే. నీళ్లు లేస్తే ముక్కు మునుగుతుంది. దిగితే పడవ రాయి మీద ఒరిగి వేలాడుతుంది. మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు ఒరిగిన పక్క నుంచే నిండుతుంది. అనంతపురం చెరువుల్లో ఇంకో ముప్పు ఉంది. నీళ్లు పూర్తిగా ఎండి పడవ బురదలో కూరుకుపోతుంది, కొత్త నీళ్లు వచ్చినా బురద వదలదు, పడవ లేవకుండానే అంచు మునుగుతుంది.

ఒడ్డుకే కట్టాలంటే ముందొకటి, వెనకొకటి, రెండు పొడుగాటి నైలాన్ తాళ్లు, ఒడ్డున ఎత్తైన చోట ఉన్న చెట్టుకో రాయికో కట్టాలి. పడవను ఒడ్డుకు తగలకుండా వెనక ఒక లంగరు పట్టి ఉంచాలి. రోజూ సర్దే మనిషి ఉంటేనే ఇది పనికొస్తుంది.

మనిషి లేకపోతే లోతులో బరువు వేసి, దానికి గొలుసు, గొలుసుకు తేలే డ్రమ్ము, డ్రమ్ముకు పడవ. నీళ్లు లేస్తే డ్రమ్మూ లేస్తుంది, పడవా లేస్తుంది. గొలుసు పొడవు ఈరోజు లోతును బట్టి కాదు, అక్కడ రాగల అత్యధిక లోతును బట్టి తీసుకోవాలి, దానికి కనీసం రెండు మూడింతలు. నీళ్లు తగ్గినప్పుడు అంత గొలుసుతో పడవ పెద్ద చుట్టు తిరుగుతుంది కాబట్టి చుట్టూ రాళ్లు లేని చోటు చూసుకోవాలి. బరువుకు కాంక్రీటు దిమ్మె పోయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, నీళ్లలో కాంక్రీటు తన బరువులో నలభై శాతం పైనే పోగొట్టుకుంటుంది. ఒడ్డున 200 కిలోల దిమ్మె అడుగున 115 కిలోలే.

నిటారు స్తంభాల మీద పైకీ కిందికీ జారే తేలే జెట్టీ ఉంటే ఈ బాధలేవీ లేవు. అది సొంతానికి కట్టుకునే ఖర్చు కాదు, బోటింగ్ నడిపేవాళ్లకు తగినది.

## మీరైతే ఏది?

కర్నూల్లో ఉద్యోగమో క్లినిక్కో ఉండి, నెలకోసారి కుటుంబంతో పోయేవాళ్లు చిన్న పడవ కొని ఒడ్డు మీదే పెట్టుకోండి. పెద్ద పడవ మీద మనసైతే నెలనెలా జీతం ఇచ్చే మనసు కూడా ఉండాలి.

రోజూ నీళ్ల మీదికి పోయే ఫైబరు మరపడవ వాళ్లకు పంపు అక్కర్లేదు. మీరే పంపు. తాడు, క్యాన్లు, రాత్రి వానకు ఒక పట్ట చాలు.

గండికోట లోయ లాంటి రాతి ఒడ్డున ఐదారు పడవలు పెట్టి సందర్శకులను తిప్పాలనుకునేవాళ్లకు లాగేయడం కుదరదు. ప్రతి పడవకూ పంపు, తేలే జెట్టీ, రాత్రి కాపలా మూడూ కావాలి. ఇందులో ఖర్చు తగ్గించుకుందామనుకుంటే పంపు సైజు తగ్గించండి, కాపలా మాత్రం తీసేయొద్దు.

క్యాబిన్ ఉన్న తెరచాప పడవ వాళ్లది నా పరిస్థితే. నేనేం చేస్తున్నానంటే, జూన్ నుంచి సంక్రాంతి దాకా లోతులో డ్రమ్ముకు కట్టి ఉంచుతాను, పంపు, సోలార్, పెద్దాయన, బూమ్ మీద పట్ట. సంక్రాంతి తర్వాత నీళ్లు దూరం జరగకముందే బయటికి లాగి, మే నెలంతా గొట్టాలు, క్లిప్పులు, బోల్టు వాషరు చూసుకుంటాను. క్యాబిన్ ఉన్న పడవకు వాన ముప్పు తక్కువ, లోపలి ఊట బయటికి కనపడని ముప్పు ఎక్కువ. అందుకని నీళ్లు జానెడు చేరితే బయటికి వినపడేలా మోగే అలారం ఒకటి అదనంగా పెట్టాను. ఒకసారి మోగింది. పెద్దాయన పుట్టిలో పోయి చూస్తే లోపల మంచినీళ్ల క్యాను పగిలి ఉంది.

జూన్‌లో పడవను మళ్లీ నీళ్లలోకి దింపేటప్పుడు ఒక్క విషయం. అడుగు బిరడా తీసి ఉంచమన్నాను కదా. దాన్ని తిరిగి పెట్టకుండా దింపినవాళ్లను ఇద్దరిని నేనే చూశాను, అందులో ఒకరు నాకు అద్దంలో కనపడతారు. ఇప్పుడా బిరడాను ట్రైలర్ తాళంచెవికి కట్టి పెట్టాను. తాళం తీయాలంటే బిరడా చేతికి రావాల్సిందే.